నిమ్మకాయ బ్రేకు చూడదు

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు ఉండే పేటల్లో ఖరిదా ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పని కోసం వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు ఇక్కడ బతుకుతోంది. ఇంట్లో తెలుగు, బజార్లో బెంగాలీ, పనిలో హిందీ. పండక్కో పెళ్ళికో సొంతూరు వెళ్ళాలంటే ఒకప్పుడు రైలు తప్ప వేరే ఆలోచన ఉండేది కాదు. ఇంట్లో ఒకరికి రైల్వే ఉద్యోగం, చేతిలో పాసు. ఇప్పుడు రిజర్వేషను దొరకలేదనో, పెద్దవాళ్ళు ప్లాట్‌ఫారం మీద నడవలేరనో, చాలామంది కారు తీస్తున్నారు.

ఇది చిన్న ప్రయాణం కాదు. ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం సుమారు 650 కిలోమీటర్లు, విశాఖపట్నం 750 పైమాటే. బెల్దా, దాంతన్ దాటితే ఒడిశా. జలేశ్వర్, బాలాసోర్, భద్రక్, కటక్, భువనేశ్వర్, ఖుర్దా, చిలికా ఒడ్డున బాలుగావ్, ఆ తర్వాత బరంపురం. ఇచ్ఛాపురం చేరితే ఆంధ్ర. ఒకప్పుడు 60, 5 నంబర్లతో పిలిచిన రోడ్లే 2010లో నంబర్లు మార్చాక 16వ జాతీయ రహదారి అయ్యాయి. రోడ్డు వెడల్పయింది, దాంతోపాటు బళ్ళ వేగమూ పెరిగింది. దారిలో ఆగుతూ పోతే పొద్దున బయలుదేరినవాడు రాత్రికి చేరతాడు.

మరి ఇంత ప్రయాణానికి మనవాళ్ళు కారును ఎలా సిద్ధం చేస్తున్నారు?

ముందు పంచాంగం తీస్తారు. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం చూసి బయలుదేరే గడియ పెడతారు. కారు కడిగి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. బంపరుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ కడతారు. మన పక్కింటి బెంగాలీ, ఒడియా వాళ్ళూ ఇదే దండ కడతారు కాబట్టి ఈ విషయంలో జాతీయ సమైక్యత బాగానే ఉంది. కొబ్బరికాయ కొడతారు. బూడిద గుమ్మడికాయ మూడుసార్లు తిప్పి రోడ్డు మీద పగలగొడతారు. చివరగా నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఇంటిల్లిపాదీ తృప్తిగా కారెక్కుతారు.

ఇంత తతంగంలో ఆ నాలుగు టైర్లలో గాలి ఎంతుందో చూసినవాడు ఎంతమందిలో ఒకడు? స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసినవాడు? నిమ్మకాయ పెట్టడానికి టైరు దగ్గర వంగిన మనిషి, ఆ టైరు గుండు అయిందో లేదో చూడడు. కళ్ళకు అడుగు దూరంలో ఉంటుంది, అయినా చూడడు. ఎందుకంటే ఆయన వంగింది టైరు కోసం కాదు, నిమ్మకాయ కోసం.

అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, ఇదంతా జరుగుతున్నది ఒక రైల్వే ఊళ్ళో.

ఈ ఊళ్ళో టీఎక్స్ఆర్ అంటే తెలియని ఇల్లు ఉండదు. బండి బయలుదేరే ముందు పెట్టెపెట్టెకూ తిరిగి చక్రాలు, స్ప్రింగులు, కప్లింగులు, బ్రేకులు చూసే మనిషి. ఎయిర్ బ్రేకు బండిలో బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉందో లేదో గేజి పెట్టి చూస్తారు. ఇంజను దగ్గర బ్రేకు వేస్తే చిట్టచివరి పెట్టె దాకా అందుతోందో లేదో చూస్తారు. ప్రయాణికుల బండికి బయలుదేరే చోట నూటికి నూరు శాతం బ్రేక్ పవర్ ఉండాలి. అవన్నీ సరిగా ఉన్నాయని కాగితం మీద రాసి సంతకం పెడతారు. దానిపేరు బ్రేక్ పవర్ సర్టిఫికెట్. ఆ కాగితం చేతికి రాకుండా డ్రైవరు బండి తీయడు. డ్రైవరు కూడా ఊరికే ఎక్కడు. డ్యూటీలో చేరేముందు తగినంత విశ్రాంతి తీసుకున్నాడా, తాగి వచ్చాడా అని అతన్నీ పరీక్షిస్తారు.

సెప్టెంబరు 17న ఇక్కడి వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ ఘనంగా చేస్తారు కదా అని ఎవరైనా అడగవచ్చు. చేస్తారు. కానీ పూజ అయింది కదా అని ఒక్క పెట్టెను కూడా తనిఖీ లేకుండా బయటికి వదలరు. బ్రేక్ పవర్ సర్టిఫికెట్‌లో "పూజ జరిగినదా?" అనే గడి లేదు. దేవుడి మీద ఎంత భక్తి ఉన్న టీఎక్స్ఆర్ అయినా, బ్రేకు పట్టని పెట్టెకు హారతి ఇచ్చి సంతకం పెట్టడు. పెడితే ఉద్యోగం పోతుందని తెలుసు. అంతకన్నా ముఖ్యంగా, మనుషులు పోతారని తెలుసు.

ముప్ఫై ఏళ్ళు ఇలా నియమంగా పనిచేసిన మనిషి, రిటైరై, కారు కొనుక్కుని, సొంత భార్యాబిడ్డల్ని ఎక్కించుకునేటప్పుడు మాత్రం నిమ్మకాయల మీద ఆధారపడుతున్నాడు. ముక్కూ మొహం తెలియని ప్రయాణికులకు ఇచ్చిన భద్రత సొంత మనవడికి ఇవ్వడం లేదు. నా అభ్యంతరమంతా ఇదే. సైన్సు తెలియక కాదు. తెలిసిన సైన్సును యూనిఫాంతోపాటు విప్పి కొక్కేనికి తగిలించడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి.

ఈ మాట అంటే వెంటనే వచ్చే వాదనలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది: "పూజ చేస్తే నష్టమేమిటి? అదీ చేద్దాం, తనిఖీ కూడా చేయిద్దాం."

వినడానికి బాగానే ఉంది. కానీ ఆచరణలో రెండూ జరగవు. మనిషికి ప్రయాణం ముందు ఒక బెరుకు ఉంటుంది. ఆ బెరుకు చాలా విలువైనది. అదే మనల్ని టైరు చూడమని, బ్రేకు చూడమని తొందరపెట్టాలి. నిమ్మకాయ తొక్కించగానే ఆ బెరుకు తీరిపోతుంది. చేయవలసింది చేసేశామన్న తృప్తి వస్తుంది. నిజంగా చేయవలసిన పని అలాగే మిగిలిపోతుంది. ఆకలి వేసినప్పుడు కడుపు నిండా నీళ్ళు తాగినట్టు. ఆకలి తెలియదు, ఒంటికి బలమూ రాదు.

ఇక నేరుగా జరిగే నష్టాలు కూడా ఉన్నాయి. రోడ్డు మీద పగలగొట్టిన గుమ్మడికాయ గుజ్జు మీద జారిపడేది వెనక వచ్చే సైకిలువాడు, స్కూటరువాడు. మన దిష్టి పోయిందో లేదో గాని, వాడి మోకాలు పోతుంది. డాష్‌బోర్డు మీద గట్టిగా అతికించిన విగ్రహం, ముందు సీటు ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు మనిషి ముఖం మీదికి విసిరిన రాయి అవుతుంది. అద్దానికి వేలాడదీసిన దండలు, అద్దం మీద అతికించిన స్టిక్కర్లు చూపుకు అడ్డం. బంపరుకు కట్టిన పూలదండ ఒక్కోసారి దీపాన్ని, నంబరు ప్లేటునూ మూసేస్తుంది.

రెండోది: "పూజ వల్ల మనశ్శాంతి వస్తుంది. శాంతంగా ఉన్న డ్రైవరు బాగా నడుపుతాడు."

శాంతి దేని మీద నిలబడిందన్నది ముఖ్యం. గాలి చూసి, బ్రేకు చూసి, రాత్రంతా నిద్రపోయి బయలుదేరినవాడి శాంతి వేరు. దిష్టి తీశారు కాబట్టి ఏమీ కాదు అనుకునేవాడి శాంతి వేరు. రెండోవాడు భద్రక్ దాటాక ఖాళీ రోడ్డు కనిపిస్తే 120 మీద పోవడానికి వెనకాడడు. అతని ధైర్యానికి కారణం కారులో లేదు, బంపరుకు కట్టిన దండలో ఉంది. అలాంటి ధైర్యం కన్నా భయమే మేలు.

మూడోది: "ఇన్నేళ్ళుగా చేస్తున్నాం, మా బండికి ఏమీ కాలేదు."

పూజ చేయని బళ్ళలోనూ చాలావాటికి ఏమీ కాలేదు. పూజ చేసిన బళ్ళలో కొన్నిటికి అయింది. దీన్ని తేల్చుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. హైవే పక్కన ఉన్న ఏ పోలీసు స్టేషనుకైనా వెళ్ళి, ఆవరణలో తుప్పు పడుతున్న ప్రమాదపు బళ్ళను చూడండి. నుజ్జయిపోయిన బంపర్లకు ఎండిన నిమ్మకాయలు, నల్లబడ్డ మిరపకాయలు కనిపిస్తాయి. పసుపు బొట్లు కనిపిస్తాయి. అవి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. క్షేమంగా చేరితే నిమ్మకాయ మహిమ, చేరకపోతే తలరాత. ఏం జరిగినా ఓడిపోని నమ్మకం దేన్నీ నిరూపించదు.

రాహుకాలాన్ని పరీక్షించడం ఇంకా తేలిక. పగటిని ఎనిమిది భాగాలు చేసి రోజుకొక భాగాన్ని రాహువుకు కేటాయించారు. అంటే పగలు ఖరగ్‌పూర్ దాటే బళ్ళలో సుమారు ఎనిమిదింట ఒకటి రాహుకాలంలోనే కదులుతోంది. సోమవారం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలమని స్టేషన్ మాస్టరు సిగ్నలు ఆపితే హౌరా వైపు ఉద్యోగాలకు పోయే లోకల్ ప్రయాణికులు ఊరుకుంటారా? రైలుకు పట్టని రాహువు కారుకు ఎందుకు పడుతుంది? కారుకు చక్రాలు తక్కువనా?

నాలుగోది: "మరి అన్ని తనిఖీలు చేసే రైళ్ళకు ప్రమాదాలు జరగడం లేదా? బాహానగా మరిచిపోయారా?"

మరిచిపోలేదు. మరిచిపోకూడదు కూడా. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బాహానగా బజార్ స్టేషను దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి పోయి ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. పట్టాలు తప్పిన పెట్టెలకు రెండో వైపు నుంచి వస్తున్న ఇంకో ప్రయాణికుల బండి తగిలింది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ స్టేషను మన ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. సొంతూరికి పోయే మన కార్లన్నీ ఆ పక్కనుంచే వెళ్తాయి.

ఆ ప్రమాదం జరిగిన మర్నాటి నుంచే రెండు రకాల మనుషులు పనిలో దిగారు. ఒక రకం, పట్టాల పక్కన కనిపించిన తెల్లటి కట్టడం ఫొటో పెట్టి, అది మసీదని, జరిగింది శుక్రవారమని పుకారు లేపారు. అది నిజానికి ఇస్కాన్ గుడి. రెండో రకం, రైల్వే భద్రతా కమిషనరు ఆధ్వర్యంలో వైర్లు, సర్క్యూట్లు, రికార్డులు పట్టుకుని కూర్చున్నారు. అంతకు ముందెప్పుడో చేసిన సిగ్నల్ సర్క్యూట్ మార్పులోనూ, లెవెల్ క్రాసింగ్ గేటు పనిలోనూ జరిగిన లోపాలే కారణమని తేల్చారు. అంటే తనిఖీ విఫలమైంది. తనిఖీ విఫలమైన చోట కావలసింది ఇంకా గట్టి తనిఖీ. ఆ గేటుకు నిమ్మకాయల దండ లేకపోవడం వల్ల జరిగిందని ఏ నివేదికలోనూ రాయలేదు. కారణం దొరికితేనే రేపటి ప్రమాదం ఆపగలం. దిష్టి అనుకుంటే ఆపడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. పూజకు పట్టే గంటలో ఏమేమి చూడవచ్చో చెబుతాను. ఇందులో ఏదీ బ్రహ్మవిద్య కాదు.

టైర్లు. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి 30 - 35 పీఎస్ఐ మధ్య ఉంటుంది. ఐదుగురు మనుషులు, నిండా సామాను ఉంటే ఎంత పెంచాలో కూడా అక్కడే ఉంటుంది. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. వేగంలో, ఎండలో ఆ వేడి పెరిగి టైరు పగులుతుంది. అంటే కారణం గాలి తక్కువ కావడం, ఎక్కువ కావడం ఒక్కటే కాదు. మనవాళ్ళలో చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, పగలకుండా ఉంటుందని గాలి తగ్గించుకుంటారు. టైరు గాడుల లోతు కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని మన మోటారు వాహనాల నిబంధన. గాడుల అడుగున చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్ల దాకా వస్తే దాని పని అయిపోయినట్టు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. టైరుకు జాతకం ఉందంటే అది ఇదే, తప్పకుండా చూడండి. స్టెప్నీ గాలి, జాకీ, వీల్ స్పానరు కూడా అప్పుడే చూసుకోవాలి.

బ్రేకులు. ప్యాడ్లు ఎంత మిగిలాయో మెకానిక్‌తో చూపించాలి. బ్రేక్ ఆయిల్ మట్టం మనమే చూడవచ్చు. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే బుడగలు వస్తాయి, పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. విశాఖ చేరాక పిల్లల్ని అరకు ఘాటు ఎక్కించి దింపుదామనుకునేవాళ్ళు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. రెండేళ్ళకోసారి మార్చమని చాలా కంపెనీలు చెప్పేది ఇందుకే.

ఇంజను. కూలెంటు, ఇంజన్ ఆయిల్ మట్టాలు బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేడి మీద రేడియేటరు మూత తీయకూడదు. లోపలి నీరు ఒత్తిడిలో నూరు డిగ్రీలు దాటి ఉంటుంది, మూత తీయగానే ముఖం మీదికి చిమ్ముతుంది. బెల్టుకు పగుళ్ళున్నాయేమో, బ్యాటరీ టెర్మినళ్ళు బిగువుగా ఉన్నాయో చూడాలి.

దీపాలు, వైపర్లు. హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు ఒకరు లోపల కూర్చుని వేస్తుంటే ఇంకొకరు బయట నిలబడి చూడాలి. వెనక డిక్కీలో సామాను నింపితే కారు ముక్కు పైకి లేచి, మన లైటు ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. లైటు దించుకునే మీట చాలా కార్లలో ఉంటుంది, వాడేవాళ్ళు తక్కువ.

వాతావరణం. దసరా రోజుల్లో బయలుదేరేవాళ్ళు పంచాంగం పక్కన పెట్టి వాతావరణ శాఖ బులెటిన్ చూడాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ సరిగ్గా మన దారి మీదే. ఏ రోజు ప్రయాణం మంచిది కాదో రోజుల ముందే చెప్పింది ఉపగ్రహాలు, రాడార్లు. 1999 ఒడిశా తుపానులో సుమారు పదివేల మంది చనిపోతే, ఫైలిన్‌లో ఆ సంఖ్య పదుల్లో ఆగింది. ముందుగా తెలిసింది, నమ్మారు, లక్షల మందిని తరలించారు. దుర్ముహూర్తం అనే మాటకు ఏదైనా అర్థం ఉంటే అది తుపాను హెచ్చరికే.

బెల్టులు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్క. అందులో నూటికి 71 మంది చావుకు అతివేగం కారణం. సీటు బెల్టు పెట్టుకోనివాళ్ళు 16,715 మంది. వారిలో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది పక్కనో వెనకో కూర్చున్నవాళ్ళు. దాదాపు సగానికి సగం! అదే ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర టాటా గ్రూపు మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా. వెనక కూర్చున్నవాళ్ళకు బెల్టు ఎందుకని మన ఇళ్ళల్లో ఇంకా అంటున్నారు. 80 వేగంలో పోయే కారు ఒక్కసారి ఆగితే వెనక సీటు మనిషి ఆగడు. ఆ వేగంతోనే వచ్చి ముందు సీటు మనిషిని గుద్దుతాడు. అమ్మ ఒళ్ళో కూర్చున్న పిల్లవాడిని ఆ క్షణంలో ఏ తల్లీ పట్టుకోలేదు. అది ప్రేమ చాలక కాదు, చేతుల్లో అంత బలం ఉండదు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: నడిపే మనిషి. పై లెక్కలు చూస్తే తెలుస్తుంది, ఎక్కువమందిని చంపుతున్నది బండి లోపం కాదు, నడిపే తీరు. ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటలకు ఉందని, రాత్రంతా సామాను సర్ది, నిద్ర లేకుండా బయలుదేరే కుటుంబాలు ఎన్నో. తెల్లవారుజాము మనిషి ఒంటికి నిద్ర బలంగా వచ్చే సమయం. దాన్ని శుభముహూర్తం అంటే శరీరం వినదు. నూరు వేగంలో ఒక్క సెకను కన్ను మూతపడితే కారు 28 మీటర్లు గుడ్డిగా పోతుంది. ఇంకొందరు ఉదయం రాహుకాలం దాటేదాకా గుమ్మంలో కూర్చుని, పోయిన గంటన్నరను రోడ్డు మీద వేగంతో రాబట్టుకోవాలని చూస్తారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని అని, ఏకబిగిన 5 గంటలు మించకుండా కనీసం అరగంట విశ్రాంతి అని పెట్టింది. జీతం తీసుకునే డ్రైవరుకే అంత అవసరమైతే, ఏడాదికి రెండుసార్లు హైవే ఎక్కే మనకు ఇంకెంత కావాలి? ఇద్దరు మార్చుకుంటూ నడపండి. లేదంటే భువనేశ్వర్‌లో రాత్రి పడుకుని మర్నాడు వెళ్ళండి. అమ్మమ్మ ఊరు ఎక్కడికీ పోదు.

ఇక్కడ హేతువాదులకు కూడా ఒక హెచ్చరిక. నిమ్మకాయను చూసి నవ్వే మనం, సైన్సు వేషం వేసుకుని వచ్చే నిమ్మకాయలను గుర్తుపట్టాలి. టైర్లలో నైట్రోజన్ నింపితే అద్భుతాలు జరుగుతాయని డబ్బు తీసుకుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. గాలి క్రమం తప్పకుండా చూసుకునేవాడికి ఆ ఖర్చుతో పెద్ద ఒరిగేదేమీ లేదు. పెట్రోలు పైపుకు అయస్కాంతం కడితే మైలేజి పెరుగుతుందనేవాళ్ళు, ట్యాంకులో బిళ్ళలు వేయమనేవాళ్ళు ఉన్నారు. 1996లో రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు చేస్తానంటే చదువుకున్నవాళ్ళు, అధికారులు కూడా వరుసకట్టి నమ్మారు. 2016లో అతనికి మోసం కేసులో శిక్ష పడింది. దేశంలో మొదటి ఐఐటీ 1951లో పుట్టింది ఈ ఖరగ్‌పూర్‌లోనే. కానీ పక్కన ఐఐటీ ఉంటే సైన్సు దానంతటది ఇంట్లోకి రాదు. ప్రతి మాటకూ "ఎలా తెలుసు?" అని అడిగే అలవాటు ఉంటేనే వస్తుంది. అలా అడగడం పౌరుడి విధి అని మన రాజ్యాంగమే 1976 సవరణతో 51ఎ(హెచ్)లో రాసుకుంది.

మరి ఇంట్లో అమ్మో, నానమ్మో గుమ్మడికాయ తిప్పుతానంటే ఏం చేయాలి? గుమ్మంలో నిలబడి ఆమెతో వాదన పెట్టుకోమని నేను చెప్పను. ఆమె కోరుతున్నది మీరు క్షేమంగా చేరాలని. ఆ కోరికలో మూఢత్వం ఏమీ లేదు. మూఢత్వం ఆమె చేతిలో పెట్టిన పనిముట్టులో ఉంది. ఆ పనిముట్టు మార్చండి. ముందురోజు సాయంత్రం ఆమెను కారు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి ఒక కాగితం ఇవ్వండి. టైర్లు, స్టెప్నీ, బ్రేక్ ఆయిల్, కూలెంటు, దీపాలు, వైపర్లు, బెల్టులు, ఎన్ని గంటలు నిద్ర. హైవే సహాయానికి 1033, ఏ ఆపదకైనా 112 కూడా దాని మీదే రాయండి. ఒక్కొక్కటీ ఆమె అడగాలి, పిల్లలు చూసి చెప్పాలి, కొడుకో అల్లుడో సంతకం పెట్టాలి. "అందరూ బెల్టు పెట్టుకునేదాకా బండి కదలనివ్వను" అని ఆమె అంటే, ఆ మాట దాటే ధైర్యం ఏ తెలుగింట్లోనూ ఎవరికీ ఉండదు. రైల్వే వాళ్ళ ఇంట్లో ఈ పద్ధతి కొత్తగా నేర్పనక్కరలేదు. మామగారో తాతగారో జీవితమంతా చేసిన పని ఇదే.

బూడిద గుమ్మడికాయ వడియాలకు పనికొస్తుంది. నిమ్మకాయలు పులిహోరకు పనికొస్తాయి, దారిలో బాలుగావ్ దగ్గర చెట్టు నీడన ఆగి తినవచ్చు. ఆ అరగంట డ్రైవరుకు విశ్రాంతి కూడా అవుతుంది. నిమ్మకాయ వల్ల ప్రయాణం క్షేమంగా సాగడమంటే ఇంతే.